తగస్తే కుమారుడు

మన పాత పుస్తకములలో పరిశుద్ధ అగస్టీను పటము చూచినవారికి ఒక ఐరోపా వృద్ధుడు కనబడును. తెల్లని ముఖము, పొడవైన గడ్డము, తలపై బిషప్పు కిరీటము, చేతిలో మండుచున్న హృదయము. వేదాంత కళాశాలలలో ఆయనను లూథరునకు, కాల్వినునకు పితామహునిగా నిలిపి, కృపను గూర్చిన బోధకు అపొస్తలుడైన పౌలు తరువాత ఆయనయే ఆధారమని నేర్పుదుము. లూథరు అగస్టీను పేరు పెట్టుకొనిన మఠములోని సన్యాసి యని, కాల్విను తన గ్రంథములో తక్కిన పితరులందరికంటె ఎక్కువగా ఆయననే పేర్కొనెనని కూడ చెప్పుదుము. ఇవన్నియు నిజమే. కాని ఆయన ఏ ఊరివాడు, ఆ ఊరివారు ఎట్టి జనులు, ఆ జనులతో ఆయనకు కడవరకు తీరని ఋణము ఏమి అని అడుగువారు అరుదు. నేను ఇక్కడ ఆ సంగతినే వ్రాయదలచితిని.

ఇప్పటి అల్జీరియా దేశపు ఈశాన్య భాగమున, ట్యునీషియా సరిహద్దునకు చేరువగా, సూక్ అహ్రాస్ అను పట్టణము కలదు. సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున, కొండల నడుమ అది నెలకొని యున్నది. పేరులోని మొదటి మాట అరబీ. సంత అని అర్థము. రెండవది బెర్బెరు మాట. సింహములు అని దానికి అర్థము చెప్పుదురు. రోమీయుల కాలములో ఈ ఊరి పేరు తగస్తే. చుట్టును అడవులు, గోధుమ చేలు, ఒలీవ తోటలు. ఉత్తరముగా కొండలు దిగిపోయిన యెడల దాదాపు 100 కిలోమీటర్ల దూరమున హిప్పో అను రేవుపట్టణము. నేడు దానిని అన్నాబా అందురు. దూరము గొప్పది కాకపోయినను ఆ కాలపు కొండవాసులకు సముద్రము చూడని వస్తువే. చిన్ననాట తాను గిన్నెలోని నీటిని చూచి సముద్రము ఎట్లుండునో ఊహించుకొంటినని అగస్టీను ఒక స్నేహితునికి వ్రాసెను.

ఆ కొండల జనులను లోకము బెర్బెరులని పిలుచుచున్నది. ఇది వారు పెట్టుకొనిన పేరు కాదు. తమకు తెలియని భాష మాటలాడువారిని గ్రీకులును రోమీయులును పిలిచిన పేరునుండి వచ్చినది. వారు తమ్మును తాము ఇమజిఘెన్ అని చెప్పుకొందురు. స్వతంత్రులైన మనుష్యులు అని దాని భావమందురు. వారి భాషకు పూర్వకాలమునుండి స్వంత లిపి ఉండెను. తగస్తే పరిసరపు కొండలలో ఆ లిపితో చెక్కిన సమాధి రాళ్లు అనేకములు దొరికినవి; కొన్నింటిపై అదే మనుష్యుని పేరు లాటినులోను చెక్కియున్నది. కార్తేజీయులు, రోమీయులు, వాండలులు, అరబ్బులు, తురుష్కులు, ఫ్రెంచివారు ఒకరి తరువాత ఒకరు ఆ దేశమును ఏలిరి గాని ఆ భాష చావలేదు. 2016లో అల్జీరియా రాజ్యాంగము దానిని అధికార భాషగా అంగీకరించెను. ఈ జాతి మన దేశమునకు కేవలము అపరిచితమని తలంపరాదు. 1334లో ఢిల్లీకి వచ్చి మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా నియమింపబడిన ఇబ్న్ బతూతా, టాంజియరులో పుట్టిన బెర్బెరు వంశీయుడే. ఆయన తన ప్రయాణములను గూర్చి చెప్పిన వృత్తాంతము లేనియెడల ఆనాటి ఢిల్లీని గూర్చి మనకు తెలిసినది చాల తక్కువగా ఉండెడిది.

క్రీ.శ. 354 నవంబరు 13వ తేదీన అగస్టీను తగస్తేలో జన్మించెను. తండ్రి పత్రిషియసు ఊరి పాలకసభలో సభ్యుడు. ఆ పదవి పేరునకు గౌరవమే గాని, రోమా ప్రభుత్వమునకు చేరవలసిన పన్నులకు సభ్యులు తమ ఆస్తిపై పూచీ పడవలసి యుండుటచే అనేకులకు అది మెడకు రాయి. పత్రిషియసునకు కొద్దిపాటి భూమియు, ఒక ద్రాక్షతోటయు ఉండెను. అతడు అన్యుడు, ముక్కోపి. మరణమునకు కొద్దికాలము ముందు మాత్రమే బాప్తిస్మము పొందెను. తల్లి మోనికా క్రైస్తవ కుటుంబమున పెరిగినది. ఆమె పేరు మోను అను స్థానిక దేవత పేరునుండి కలిగినదని పండితుల అభిప్రాయము. అనగా క్రీస్తును నమ్మిన ఇంటిలోను పాత కొండదేవత పేరు ఆడపిల్లకు నిలిచియుండెను. మన సంఘములలో పోలమ్మ, లక్ష్మమ్మ అను పేర్లతోనే ప్రభువు బల్లయొద్దకు వచ్చిన అవ్వలను ఎరిగినవారికి ఇది వింతగా తోచదు.

ఇంటిలో దాదులు, తల్లి, అందరును లాటినే మాటలాడిరి. సంతలో, పొలములో వినబడు భాషలు వేరు. కార్తేజీయుల ప్యూనికు భాష హెబ్రీకి చెల్లెలివంటిది. అది రైతుల నోటిలో జీవించుచుండెను. కొండలలో బెర్బెరు భాష. చదువునకు, ఉద్యోగమునకు, కీర్తికి లాటిను ఒక్కటే దారి. పత్రిషియసు కుమారుని ఆ దారిని పంపుటకు నడుము కట్టెను. మొదట ఊరిబడిలో బెత్తపు దెబ్బలు. తరువాత దక్షిణముగా సుమారు 30 కిలోమీటర్ల దూరముననున్న మదౌరా పట్టణములో విద్య. పదునారవ యేట డబ్బు చాలక అతడు ఇంటికి తిరిగివచ్చి ఒక సంవత్సరము ఊరకుండెను. పొరుగువాని పియరు పండ్లను స్నేహితులతో కూడి రాత్రివేళ దొంగిలించి పందులకు పారవేసినది ఆ యేటనే. పిల్లల అల్లరి యని లోకము నవ్వి విడుచు ఈ పనిపై అతడు నలుబది దాటిన తరువాత పుటలకొలది వ్రాసెను. ఆకలి లేదు, ఆ పండ్లలో రుచి లేదు. చెడుతనము కొరకే చెడుతనమును ప్రేమించిన మనస్సు ఒకటి తనలో ఉన్నదని అక్కడ కనిపెట్టెను. పాపమును గూర్చి పడమటి సంఘము తలంచిన తలంపులకు ఒక కొండ ఊరి పియరుచెట్టు సాక్షి.

ఊరి ధనవంతుడు రొమానియానసు సహాయముచేత అతడు కార్తేజికి వెళ్లెను. తండ్రి ఆ కాలముననే మరణించెను. అక్కడ అతడు ఒక స్త్రీతో కాపురము చేసి, పదునెనిమిదవ యేట అదియోదాతసు అను కుమారుని తండ్రి యయ్యెను. పందొమ్మిదవ యేట సిసెరో గ్రంథమొకటి చదివి జ్ఞానమును వెదకబూనెను. లేఖనములు తెరచి చూచెను గాని వాటి లాటిను అనువాదపు మోటుదనము చూచి విడిచెను. అనువాదకులు ఈ మాట మరువరాదు. పిమ్మట వెలుగు చీకటుల రెండు దేవతాశక్తులను బోధించు మానీ మతమున చేరి తొమ్మిది సంవత్సరములు అందులో నిలిచెను.

ఇరువది యేండ్ల ప్రాయమున అతడు ఉపాధ్యాయుడై తగస్తేకు తిరిగివచ్చెను. మానీ మతస్థుడైన కుమారుని మోనికా మొదట తన బల్లయొద్ద కూర్చుండనీయలేదు. ఆ దినములలో అతనికి ప్రాణస్నేహితుడొకడు ఉండెను; పేరు మనకు చెప్పలేదు. ఆ యువకుడు జ్వరముతో స్పృహలేక యుండగా ఇంటివారు బాప్తిస్మమిప్పించిరి. అతడు తేరుకొనిన తరువాత అగస్టీను ఆ బాప్తిస్మమును ఎగతాళి చేయబోగా, స్నేహితుడు శత్రువును చూచినట్లు చూచి మందలించెను. కొద్ది దినములకే జ్వరము తిరుగబెట్టి చనిపోయెను. ఆ మరణముతో తగస్తేలోని ప్రతి వీధి, తన స్వంత ఇల్లు సహితము, అగస్టీనునకు భరింపరానివాయెను. అతడు ఊరు విడిచి కార్తేజికి పారిపోయెను. ఈసారి తిరిగి వచ్చుటకు పండ్రెండేండ్లు పట్టెను.

383లో అతడు రోముకు ఓడ ఎక్కెను. రేవువరకు వెంట వచ్చి ఏడ్చుచున్న తల్లితో అబద్ధమాడి, ఆమె సిప్రియను పేరిట నున్న చిన్న మందిరములో రాత్రియంతయు ప్రార్థించుచుండగా ఓడలో బయలుదేరెను. మరుసటి యేడు మిలానులో చక్రవర్తి నివసించు నగరమున వాగ్మిశాస్త్ర ఆచార్యుడాయెను. కొండ ఊరి బాలునికి ఇంతకంటె పై మెట్టు లేదు. అయినను ఇటలీవారు అతని లాటిను ఉచ్చారణను తప్పుపట్టుచునే యుండిరి. ఆఫ్రికావారు దీర్ఘమును హ్రస్వమును కలిపివేయుదురని వారి ఫిర్యాదు. సామ్రాజ్యమంతటిలో మాటలు నేర్పుటకు నియమింపబడినవాని నాలుకపై తగస్తే నిలిచియుండెను. ఢిల్లీలో మన తెలుగువాని హిందీ విని ముసిముసిగా నవ్వువారిని ఎరిగిన చదువరులకు ఈ సంగతి వివరింప నక్కరలేదు.

మోనికా కుమారుని వెదకికొనుచు సముద్రము దాటి మిలాను చేరెను. ఆఫ్రికాలో తన అలవాటు చొప్పున ఆమె జావ, రొట్టె, ద్రాక్షారసము బుట్టలో పెట్టుకొని హతసాక్షుల సమాధులయొద్దకు వెళ్లగా, బిషప్పు అంబ్రోసు ఆజ్ఞను బట్టి ద్వారపాలకుడు ఆపెను. చనిపోయినవారితో కూడ భోజనము చేయుట ఆమె జనుల ప్రాచీన ఆచారము. ఆమె వాదింపక బుట్టను తిరిగి తీసికొనిపోయెను. నాటినుండి సమాధులకు ఆహారమునకు బదులు ప్రార్థనలను, బీదలకు తన శక్తికొలది దానమును ఇచ్చెను. తన తల్లి ఆ ఆచారమును మరి యొకరి మాటపై అంత సులభముగా విడిచియుండదని అగస్టీను తలంచెను. ఈ చిన్న సంగతిలో ఆ స్త్రీ స్వభావమంతయు నున్నది.

మారుమనస్సు చరిత్ర మన పాఠకులకు తెలిసినదే గనుక క్లుప్తముగా చెప్పుదును. తెలియనిది, లేక తెలిసియు మనము దాటిపోవునది ఒకటి కలదు. గొప్ప ఇంటి పిల్లతో వివాహము కుదుర్చుటకై, సుమారు పదునైదేండ్లు కలిసి బ్రదికిన ఆ స్త్రీని పంపివేసిరి. వివాహమునకు నిశ్చయింపబడిన పిల్లకు ఇంకను ఈడు రాలేదు. మరి రెండేండ్లు ఆగవలసియుండెను. ఆ స్త్రీ మరి యొక పురుషుని ఎరుగనని దేవునికి మ్రొక్కుకొని, కుమారుని తండ్రియొద్ద విడిచి, ఒంటరిగా ఆఫ్రికా తిరిగివెళ్లెను. అగస్టీను హృదయము గాయపడి రక్తము కారెనని ఒప్పుకొనెను గాని, ఆమె పేరు ఎక్కడను వ్రాయలేదు. తల్లిని గూర్చి అంత వ్రాసిన కలము ఈమె యొద్ద ఆగిపోయినది. ఆమె మానమును కాపాడుటకే పేరు దాచెనని కొందరందురు. నాకు ఆ సమాధానము చాలదు.

386 ఆగస్టులో మిలాను తోటలో, పిల్ల కంఠము ఒకటి పాడుచున్నట్లు విని అతడు రోమా పత్రిక తెరచెను. పదుమూడవ అధ్యాయపు చివరి మాటలు చదువగా లోపలి యుద్ధము ముగిసెను. ప్రక్కననున్న అలీపియసు తరువాతి వచనమును తనకని తీసికొనెను. ఈ అలీపియసు తగస్తేవాడే; ఆ ఊరి పెద్దల కుమారుడు; బాల్యమునుండి అగస్టీను శిష్యుడు, సహచరుడు. 387 ఈస్టరు రాత్రి అంబ్రోసు చేతులమీదుగా అగస్టీను, అలీపియసు, పదునైదేండ్ల అదియోదాతసు కలిసి బాప్తిస్మము పొందిరి. అప్పటికి ఆచార్యపదవిని అగస్టీను విడిచియుండెను. వారు స్వదేశమునకు బయలుదేరిరి.

ఓస్తియా రేవులో ఓడకై కాచుకొనియుండగా మోనికా జ్వరపడెను. భర్త ప్రక్కన తగస్తేలో సమాధి చేయబడవలెనని ఆమె చిరకాలము కోరుకొని స్థలమును సిద్ధపరచుకొనియుండెను. మరియొక కుమారుడు నవీగియసు స్వదేశములోనే చనిపోవుట మేలని ఆమెతో అనగా, ఆమె కోపముతో చూచి, శరీరమును ఎక్కడనైనను పెట్టుడని చెప్పి, ప్రభువు బల్లయొద్ద తన్ను జ్ఞాపకము చేసికొనుట ఒక్కటే అడిగెను. తొమ్మిదవ దినమున, ఏబది యారవ యేట, కన్నుమూసెను. ఆమె సమాధిపై వేసిన శాసనపు ముక్క 1945లో ఓస్తియాలో బాలురు గుంజ పాతుటకు గొయ్యి త్రవ్వుచుండగా బయటపడెను.

388లో అగస్టీను తగస్తేకు తిరిగివచ్చెను. తండ్రి విడిచిన భూమిని వదలుకొని, స్నేహితులతో ప్రార్థనలోను, అధ్యయనములోను కాలము గడపదొడగెను. కుమారునితో చేసిన సంభాషణను గ్రంథముగా వ్రాసెను. మాటలు మనకు ఏమి నేర్పగలవు, లోపల నేర్పు బోధకుడు ఎవరు అనునది దాని ప్రశ్న. అందు కుమారుడు పలికిన తలంపులు నిజముగా అతనివేయని తండ్రి ప్రమాణము చేసి చెప్పెను. ఆ బాలుని తెలివికి తండ్రియే భయపడెను. కొద్దికాలములో అదియోదాతసు చనిపోయెను. ప్రియస్నేహితుడు నెబ్రీదియసును ఆ దినములలోనే గతించెను.

ఆ కాలముననే మదౌరానుండి మక్సిమసు అను ముసలి వ్యాకరణ పండితుడు ఒక లేఖ వ్రాసెను. అతడు అన్యుడు. గ్రీకు రోమా దేవతల అందమైన పేర్లు విడిచి, క్రైస్తవులు నంఫామో మొదలైన వికారపు ప్యూనికు పేర్లుగల హతసాక్షులను గౌరవించుచున్నారని అతడు పరిహసించెను. అగస్టీను జవాబు తీక్ష్ణమైనది. ఆఫ్రికావాడు ఆఫ్రికావారికి వ్రాయుచు, ఇద్దరును ఆఫ్రికాలోనే యుండి, ప్యూనికు పేర్లను నవ్వుట ఏమి బుద్ధియని అడిగెను. నంఫామో అనగా మంచి పాదము గలవాడని, అతని రాక శుభమును తెచ్చునని విప్పి చెప్పెను. మన ఇండ్లలో క్రొత్త కోడలిని గూర్చి కాలు పెట్టిన వేళ మంచిదందుము, ఆ భావమే. ఆ భాషను అసహ్యించుకొనువాడు అది పుట్టిన ఉయ్యాలయందే తాను పుట్టినందుకు సిగ్గుపడవలసి యుండునని కూడ చురక వేసెను. మిలానులో తన ఉచ్చారణకై నొచ్చుకొనినవాడు ఇప్పుడు తన ఊరి సంత భాషకు వకీలై నిలిచెను. దీనిని నేను ఆయన రెండవ మారుమనస్సు అనను. అంత పెద్ద మాట తగదు. కాని తిరిగివచ్చుట అనునది ఆ లేఖతోనే పూర్తియాయెనని నా తలంపు.

391లో ఒక స్నేహితుని చూచుటకు హిప్పో వెళ్లగా, ఆరాధనలో జనులు ఆయనను పట్టుకొని బలవంతముగా పెద్దగా అభిషేకింపజేసిరి. ఆయన ఏడ్చెను. బిషప్పు వలేరియసు గ్రీకుమాటలవాడు. లాటినులో ప్రసంగించుట అతనికి కష్టము గనుక ఆ పనిని ఈయనకు అప్పగించెను. ఈ వలేరియసును గూర్చి అగస్టీను వ్రాసిన ఒక సంగతి అనువాద పని చేయువారికి ఎంతయు ప్రీతి కలిగించును. ఒకనాడు రైతులు మాటలాడుకొనుచు సలుసు అను మాట పలుకుట వలేరియసు వినెను. లాటినులో సలుసు అనగా రక్షణ. రెండు భాషలు తెలిసిన ఒక రైతును అడుగగా, ప్యూనికులో దానికి మూడు అని అర్థమని చెప్పెను. త్రిత్వమే రక్షణ యని ఆ ముసలివాడు ఆనందించెను. భాషాశాస్త్రము దీనిని యాదృచ్ఛికమనును. అగస్టీనును దానిపై సిద్ధాంతము కట్టలేదు. కాని రైతుల మాటకు చెవియొగ్గిన బిషప్పు ఒకడు అక్కడ ఉండెను.

396 నాటికి వలేరియసు గతించి, అగస్టీను హిప్పోకు బిషప్పాయెను. అలీపియసు అంతకు ముందే తగస్తేకు బిషప్పాయెను. ఇక ముప్పది నాలుగేండ్ల గ్రంథరచన అంతటిని విడిచి, ఊరి ఋణమునకు వచ్చెదను.

ఆఫ్రికా సంఘము అప్పటికి ఎనుబదియేండ్లుగా రెండుగా చీలియుండెను. 303లో డయొక్లీషియను హింస వచ్చినప్పుడు లేఖనములను అధికారులకు అప్పగించినవారి చేతులమీద పొందిన అభిషేకము చెల్లదని ఒక పక్షము చెప్పెను. వారి నాయకుడు దొనాతుసు పేరిట వారిని దొనాతీయులందురు. నుమీదియా కొండలలో, పల్లెలలో వారి బలము గొప్పది. హిప్పోలోను వారే అధికులు. ఒక కాలమున వారి బిషప్పు కథోలికులకు రొట్టె కాల్చవద్దని రొట్టెలవారికి ఆజ్ఞాపించెను. దుడ్డుకఱ్ఱలతో తిరుగు వారి గుంపులు పాదిరుల కన్నులలో సున్నము, పులిసిన ద్రాక్షారసము పోసి గ్రుడ్డివారిని చేసిరి. అగస్టీనును చంపుటకు పొంచియుండగా, దారి చూపువాడు దారి తప్పుటచేత ఆయన బ్రదికెను.

మొదట ఆయన బలప్రయోగమునకు విరోధి. వాక్యముతోనే పోరాడవలెనని, భయపెట్టి తెచ్చిన యెడల వేషధారులు తయారగుదురని చెప్పెను. తరువాత ఆ మనస్సు మార్చుకొనెను; దానికి తానే చెప్పిన కారణములలో ముఖ్యమైనది తగస్తే. తన స్వంత ఊరు ఒకప్పుడు పూర్తిగా దొనాతీయులదై యుండి, చక్రవర్తి ఆజ్ఞలకు భయపడి ఐక్యతకు వచ్చినదని, ఇప్పుడు అక్కడివారు ఆ విభేదమును ఎంతగా ద్వేషించుచున్నారనగా అది ఎన్నడును అక్కడ లేనట్లే తోచునని ఆయన సుమారు 408లో వ్రాసిన లేఖలో చెప్పెను. ఆ మార్పు ఆయన పుట్టుటకు కొద్ది యేండ్ల ముందు జరిగినదని చరిత్రకారులు తలంచుదురు. అట్లయిన యెడల మోనికా బాల్యములో ఆ ఊరు దొనాతీయులదే. ఆయన చూచినది రెండవ తరము. భయపడి తల వంచిన మొదటి తరము గుండెలో ఏమి యుండెనో ఆయన చూడలేదు. ఆ తరము ఏమియు వ్రాసిపెట్టలేదు. 405లో చక్రవర్తి హొనోరియసు ఐక్యతా శాసనము చేసెను. 411 జూనులో కార్తేజిలో రెండు పక్షముల బిషప్పులు దాదాపు 570 మంది సమావేశమైరి. తీర్పు దొనాతీయులకు విరోధముగా వచ్చెను. 412లో జరిమానాలు, మందిరముల స్వాధీనము. మరణశిక్ష మాత్రము వద్దని, పాదిరిని చంపినవారిని సహితము చంపవద్దని అగస్టీను అధికారులను వేడుకొనెను. అది నిజము. గొప్ప విందు ఉపమానములో త్రోవలలోనివారిని బలవంతము చేయుమన్న మాటను రాజశాసనమునకు అన్వయించినదియు ఆయనయే, అదియు నిజము.

ప్రొటెస్టంటులమైన మనము దీనిని తేలికగా దాటరాదు. 1685లో ఫ్రాన్సు రాజు మన సహవిశ్వాసుల ఆరాధన హక్కులను రద్దుచేసినప్పుడు, ఆ పనిని సమర్థించుటకు అగస్టీను లేఖలనే ఫ్రెంచిలోనికి తర్జుమా చేసి అచ్చువేసిరి. పియెరు బెయిలు అను ఫ్రెంచి ప్రొటెస్టంటు మరుసటి యేడు ఆ ఉపమానముపైననే గ్రంథము వ్రాసి మనస్సాక్షిని బలవంతము చేయరాదని వాదించెను. కృపను గూర్చి మనకు నేర్పిన గురువే మన పితరుల ఇండ్ల తలుపులు బద్దలుకొట్టినవారి చేతికి పుస్తకమందించెను. గురువును గౌరవించుటకు ఈ మాట దాచనక్కరలేదు.

బలవంతముగా చేర్చుకొనినవారిని మేపుట వేరొక కష్టము. హిప్పోకు 40 రోమను మైళ్ల దూరమున ఫుస్సాలా అను గ్రామదుర్గము ఉండెను. ఊరంతయు దొనాతీయులు. మొదట పంపిన పాదిరులను దోచిరి, కొట్టిరి, గ్రుడ్డివారిని చేసిరి, కొందరిని చంపిరి. తరువాత ఐక్యత ఏర్పడగా, అంత దూరము తాను చూచుకొనలేనని అగస్టీను అక్కడ ప్రత్యేకముగా బిషప్పును పెట్టదలచెను. ప్యూనికు తెలిసినవాడు కావలెను. తగిన పాదిరి యొకడు దొరికెను. అభిషేకించుటకు వృద్ధుడైన ప్రధాన బిషప్పు దూరమునుండి ప్రయాసపడి వచ్చి కూర్చుండగా, ఆ పాదిరి చివరి గడియలో ఒప్పుకొనలేదు. వృద్ధుని ఉత్త చేతులతో పంపుటకు అగస్టీనునకు మనస్సు రాలేదు. తన మఠములో చిన్ననాటినుండి పెరిగిన అంతోనీనసు అను చదువరిని ముందుకు తెచ్చెను. వయస్సు ఇరువది దాటినదో లేదో. పరీక్షింపబడినవాడు కాదు. భాష మాత్రము తెలిసినవాడు.

ఆ యౌవనుడు ఫుస్సాలా ప్రజలను దోచెను. డబ్బు, బట్టలు, పశువులు, పంట తీసికొనెను. ఇతరుల ఇండ్లను పడగొట్టి వాటి దూలములతో, రాళ్లతో తనకు ఇల్లు కట్టుకొనెను. జనులు మొరపెట్టగా బిషప్పులు విచారించి, దోచినది తిరిగి ఇమ్మని, ఆ ఊరిని విడువుమని, బిషప్పు అను పేరు మాత్రము ఉంచుకొనుమని తీర్పు చెప్పిరి. అతడు రోముకు అప్పీలు చేసెను. ప్రభుత్వ బలముతో తిరిగి వచ్చునని పుకారు పుట్టెను. నిన్నటివరకు శాసనపు కత్తికి భయపడి సంఘములో చేరినవారు ఇప్పుడు సంఘపు బిషప్పు కొరకే ఆ కత్తి వచ్చునని భయపడిరి. అగస్టీను రోము బిషప్పు సెలెస్టీనుకు వ్రాసి, ఆ పేదలను కాపాడుమని బ్రతిమాలి, తన తప్పిదమును ఒప్పుకొని, తాను బిషప్పు పదవినే విడుచుటకు తలంచుచున్నానని తెలిపెను. అప్పటికి ఆయన వయస్సు డెబ్బదికి చేరువ, లోకప్రసిద్ధుడు. ఈ కథలోని అధిక భాగము మనకు తెలిసినది యొహాన్నెసు దివ్యాకు అను ఆస్ట్రియా పండితుడు అంతవరకు ఎవరును ఎరుగని లేఖలను కనుగొని 1981లో ప్రచురించిన తరువాతనే.

ఫుస్సాలాను గూర్చి చదివినప్పుడెల్ల నాకు తోచునది ఇది. లాటినులోనికి లేఖనములు ఆఫ్రికా గడ్డపై చాల ముందుగానే వచ్చెను. ప్యూనికులోనికి గాని బెర్బెరు భాషలోనికి గాని బైబిలు అనువదింపబడెననుటకు ఆధారము లేదు. హెబ్రీకి అంత దగ్గరి భాషను ఉయ్యాలలో విన్న దేశమున, అంతటి మేధావి ముప్పది నాలుగేండ్లు బిషప్పుగా ఉండియు, ఆ పని మొదలిడినట్లు కనబడదు. ఆయన భాష తెలిసిన పాదిరిని వెదకెను; భాషలో గ్రంథమును వెదకలేదు. సంపూర్ణ తెలుగు బైబిలు 1854లో అచ్చయినది. మన తాతలు దానిని ఒడిలో పెట్టుకొని, చెడ్డ కాపరి వచ్చినను నిలిచిరి. ఫుస్సాలావారి ఒడిలో ఏమియు లేదు. భద్రాచలపు అడవులలో కోయవారికి ఇంకను తెలుగులోనే ప్రసంగించి వచ్చు మనవారు ఒక రాత్రి ఈ కథను చదువుట మంచిది.

ఆ లేఖలలోనే మరియొక సంగతి బయటపడెను. ఆయన వృద్ధాప్యమున బానిస వ్యాపారులు ఆఫ్రికా తీరములో విచ్చలవిడిగా తిరిగిరి. పల్లెలపై రాత్రివేళ పడి, స్వతంత్రులైన మనుష్యులను పట్టి ఓడలలో అమ్మిరి. హిప్పోలోనే ఒక స్త్రీ, కట్టెలు కొందునని గిద్దబా కొండ స్త్రీలను పిలిచి, బంధించి, కొట్టి, అమ్మెను. ఆయన ఊరిలో లేనప్పుడు సంఘపు విశ్వాసులు ఓడలోనుండియు, చెరలోనుండియు సుమారు 120 మందిని విడిపించిరి. వారిలో తల్లిదండ్రులే అమ్మినవారు ఐదుగురో ఆరుగురో, తక్కినవారందరు ఎత్తుకొనిపోబడినవారు. వ్యాపారుల వెనుకనున్న పెద్దలు తమ సొత్తు పోయెనని సంఘముపై వ్యాజ్యములు తెచ్చిరి. అప్పుడు ఇటలీలో ఉన్న అలీపియసునకు అగస్టీను ఇదంతయు వ్రాసి, చక్రవర్తి కొలువులో కదలించుమని కోరెను. వ్యాపారులకు చట్టప్రకారము సీసపు కొరడాల శిక్ష ఉన్నదని, దానివలన మనుష్యులు చచ్చుదురు గనుక దానిని ప్రయోగింపజేయుటకు తన మనస్సు ఒప్పుట లేదని కూడ వ్రాసెను. కట్టెల మోపు తలపై పెట్టుకొని కొండ దిగి వచ్చిన స్త్రీల కొరకు తగస్తేవాడొకడు తగస్తేవాడొకనికి వ్రాసిన లేఖ అది. ఆయన గ్రంథములన్నిటిలో నాకు అత్యంత ప్రియమైన పుటలు అవి.

429లో వాండలులు స్పెయినునుండి ఆఫ్రికాకు దాటిరి. 430 వేసవిలో హిప్పోను ముట్టడించిరి. చుట్టుపట్ల సంఘములవారు, బిషప్పులు పారిపోయి వచ్చి ఆ కోటలో తలదాచుకొనిరి. ముట్టడి మూడవ నెలలో ఆయన జ్వరపడెను. దావీదు పశ్చాత్తాప కీర్తనలను వ్రాయించి, మంచమునకు ఎదురుగా గోడకు అంటించుకొని, చదువుచు ఏడ్చుచుండెను. కడపటి పది దినములు వైద్యుడు గాని, ఆహారము తెచ్చువాడు గాని వచ్చు వేళలలో తప్ప ఎవరిని లోపలికి రానీయవద్దని చెప్పెను. ఆగస్టు 28న, డెబ్బది యారవ యేట, మరణించెను. మరుసటి యేడు జనులు విడిచిన హిప్పోను శత్రువులు కాల్చిరి గాని, ఆయన పుస్తకములు మిగిలెను. ఆయన సహవాసి పొస్సిదియసు వాటి పట్టికను వ్రాసిపెట్టెను. వీలునామా ఏదియు లేదనియు, వ్రాయుటకు ఆయనయొద్ద ఏమియు లేకుండెననియు ఆ పొస్సిదియసే చెప్పెను. తగస్తేలో తండ్రి విడిచిన భూమిని ఆయన వదలుకొని అప్పటికి నలుబది యేండ్లాయెను.